ఆపరేషను బల్ల దగ్గర పాట

ఏలూరులో కాలువ గట్టున ఉన్న డాక్టరు ఎలీయాజరు గారి ఆస్పత్రిలో ఆయన కత్తికి ఎంత పేరుందో, సువార్తమ్మ గొంతుకి అంత పేరుండేది. ఆకివీడు నుంచీ, కైకలూరు నుంచీ, కొల్లేటి లంకల నుంచీ పడవల మీద వచ్చే జనానికి కత్తంటే పెద్ద భయం లేదు. కొడవళ్ళతో, చేప ముళ్ళతో బతికేవాళ్ళకి కోతలు కొత్తా? వాళ్ళ భయమంతా మత్తుమందు మీదే. ముక్కు మీద గుడ్డ వేసి, చుక్కలు పోసి, నిక్షేపంలాంటి మనిషిని పీనుగులా పడుకోబెడతారట. లేస్తే లేచినట్టు, లేకపోతే లేదట. సగం మంది బల్ల దాకా వచ్చి, పంచె ఎగ్గట్టి రేవు వైపు పరుగు లంకించుకునేవారు.

ఆ పరుగు ఆపింది సువార్తమ్మే. ఆవిడది ఆకివీడు. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త విషజ్వరంతో పోతే, ఎలీయాజరు గారి భార్య తీసుకొచ్చి ఆస్పత్రిలో పెట్టింది. పక్కలు దులపడంతో మొదలుపెట్టి, పనిముట్లు ఉడికించడం, గుడ్డలకి ఆవిరి పట్టడం నేర్చుకుని, తల నెరిసే వేళకి ఆపరేషను గదికి పెద్ద నర్సయింది. ఒకరోజు ఒక ముసలాయన బల్ల మీద గజగజ వణికిపోతుంటే, ఊరుకోబెట్టే దారి తోచక, చిన్నప్పుడు వాళ్ళమ్మ పడవలో పాడిన పాట ఎత్తుకుంది.

"నావ కదిలినాది తండ్రీ, తెడ్డు నీ చేతిలోనే..."

ముసలాయన చంటిపిల్లాడిలా నిద్రలోకి జారిపోయాడు. ఎలీయాజరు గారు మురిసిపోయి, "ఇకనుంచి ప్రతి ఆపరేషనుకీ పాడమ్మా సువార్తమ్మా" అన్నారు. మూతికి కట్టుకున్న గుడ్డలోంచి పాట పైకి వచ్చేది కాదు. అందుకని పాడేటప్పుడు ఆ మూతిగుడ్డని గడ్డం కిందికి లాక్కునేది. ఎదురుగా బల్ల మీద రోగి, చేతి కింద పళ్ళెంలో ఉడికించిన కత్తులూ సూదులూ. ఎవరూ ఏమీ అనలేదు. పాట తప్పని ఎవరంటారు? నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు కదా. ఆ నోటి వల్లే లంకల్లోంచి జనం కట్టలు తెంచుకుని వచ్చారు.

పందొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం చలికాలంలో ఆ ఆస్పత్రికి సోమసుందరం వచ్చాడు. తాడేపల్లిగూడెం వైపు బ్రాహ్మణుల అబ్బాయి. విశాఖపట్నంలో డాక్టరు చదువు ముగించుకుని, కోత పని నేర్చుకోవాలని ఎలీయాజరు గారి దగ్గర చేరాడు. ఆయనకీ అవసరమే. కళ్ళకి పొరలు కమ్ముకొస్తున్నాయి, సన్న నరాలు ఆనడం లేదు. ఆ సంగతి ఆస్పత్రిలో అందరికీ తెలుసు, ఎవరూ ఆయన ఎదట అనరు. మొదట్లో కుర్రవాడి చేత కుట్లు వేయించారు, తరవాత పైకోత కోయించారు, నెల తిరక్కుండా కత్తి పూర్తిగా చేతికిచ్చి పక్కన నిలబడ్డారు.

సువార్తమ్మకి అది నచ్చలేదు. ఆ చలికి ఆవిడకి గొంతు నొప్పి పట్టుకుని, మింగడం కష్టమై, మిరియాల కషాయంతో తగ్గించుకుని లేచింది. "డాక్టర్ల మధ్య బతుకుతూ కషాయమేమిటండీ" అని మత్తుమందిచ్చే కాంపౌండరు జ్ఞానయ్య ఎగతాళి చేశాడు. లేచి వచ్చేసరికి పెద్దాయన చోట ఈ కుర్రవాడు నిలబడి ఉన్నాడు. మంగలిపని నేర్చుకోవాలంటే ఎవరిదో ఒకరి తల కావాలి, నిజమే. కానీ ఆ తలలు తన పాట నమ్మి వచ్చినవాళ్ళవి.

అదే నెలలో గాయాలు చీము పట్టడం మొదలయింది.

మొదట ఒక గణపవరం రైతు. కుట్ల చుట్టూ ఎర్రబడి, ఒళ్ళు కాలిపోయి, ఎలాగో గట్టెక్కాడు. రెండోవాడు గంగరాజు. కైకలూరు అవతల లంకలో చేపలు పట్టుకునే మనిషి. వరిబీజం పెరిగి, తెడ్డు వెయ్యడానికి కూర్చోలేక, భార్య పెద్దింటమ్మని వెంటబెట్టుకుని వచ్చాడు. బల్ల మీద పాట వింటూ నవ్వుతూ కళ్ళు మూశాడు. ఆపరేషను ముచ్చటగా జరిగింది. మూడో రోజుకి జ్వరం మొదలైంది. ఆ తరవాత కాలు, పొత్తికడుపు నల్లబారాయి. సువార్తమ్మ వార్డులో కూడా అతని మంచం పక్కన కూర్చుని పాడింది. అంతకన్నా చెయ్యగలిగింది ఎవరికీ తోచలేదు. అతను పోయాడు.

పెద్దింటమ్మ చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని గోడకి జారబడి, "ఏవండీ అమ్మగారండీ, అంతా బాగానే జరిగిందన్నారు కదండీ. ఎందుకిలా అయిందండీ?" అని అడిగింది.

తెలియదని చెప్పి ఉండవలసింది. కానీ కడుపు మండిపోతున్న మనిషి సువార్తమ్మ. "పెద్ద డాక్టరు గారి చెయ్యయితే ఇలా అయ్యేది కాదమ్మా. కుర్రవాడి చెయ్యి, ఏం చేస్తాం" అనేసింది. రేవులో శవాన్ని పడవెక్కించేటప్పుడు పడవవాళ్ళతోనూ అదే మాట అంది. పడవవాళ్ళ చెవిన వేసిన మాట కొల్లేరంతా తిరిగి వస్తుంది.

అనుమానం పెనుభూతమన్నారు. ఆ భూతం పట్టాక సువార్తమ్మ సోమసుందరాన్ని విడిచిపెట్టలేదు. చేతులు కడుక్కునేటప్పుడు గోళ్ళు చూసేది. తెల్ల అంగీ కింద జంధ్యం ఎక్కడికి వేలాడుతోందో చూసేది. తుమ్మితే ఎటు తుమ్మాడో చూసేది. విచిత్రమేమిటంటే, ఆవిడ చూసినప్పుడల్లా అతనూ ఆవిడ వంకే చూస్తుండేవాడు. పనిముట్లు ఎంతసేపు ఉడికాయని అడిగేవాడు. ఆవిరి పెట్టె మూత ఎవరు తీశారని అడిగేవాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు తప్పంతా నా నెత్తికి చుట్టాలని చూస్తున్నాడనుకుని, ఆవిడ ఉడికించిన పనిముట్లనే మళ్ళీ ఉడికించింది. అయినా చీము వచ్చింది.

చివరికి దొంగ దొరికాడు. ఒక మధ్యాహ్నం ఆపరేషనుకి ముందు, వసారాలో స్తంభం చాటున సోమసుందరం మొలలోంచి చిన్న డబ్బీ తీసి ముక్కుపొడుం పీల్చడం సువార్తమ్మ కళ్ళారా చూసింది. తిన్నగా ఎలీయాజరు గారి గదికి వెళ్ళింది.

"డాక్టరు గారండీ, ఆ అబ్బాయి ముక్కుపొడుం వేస్తాడండీ. ఆ ముక్కుతోనే వచ్చి మనుషుల కడుపుల మీద వంగుతున్నాడండీ. ఇంక చీము రాక పన్నీరు వస్తుందా అండీ?"

సోమసుందరాన్ని పిలిపించారు. అతను కాదనలేదు. చెవులు ఎర్రబడగా డబ్బీ తీసి కిటికీలోంచి కాలువలోకి విసిరేశాడు. "తప్పేనండీ. ఇంక ముట్టను" అన్నాడు. తరవాత సువార్తమ్మ వైపు తిరిగి, "మీరు చెప్పింది మంచిదే సువార్తమ్మ గారూ. కానీ నాకింకా అనుమానం తీరలేదండీ" అన్నాడు.

"ఎవరి మీదండీ?" అంది ఆవిడ. అతను చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

తమ్ముడు వరదానానికి కొడుకు పుట్టి, బాప్తిస్మం అంటే సువార్తమ్మ ఆకివీడు వెళ్ళింది. అక్కడా ఊరుకుందా? చర్చి బయట చింతచెట్టు కింద కూర్చుని, పొడుం డబ్బీ కథ చేతులు తిప్పుతూ చెప్పింది. "ఆ అబ్బాయి చేతిలో చావుంది రా. నువ్వు మాత్రం చచ్చినా అతని దగ్గర బల్లెక్కకు" అని వరదానంతో అంది. వరదానానికి గజ్జల్లో పేగు జారే జబ్బు చాన్నాళ్ళుగా ఉంది. పొలంలో బరువెత్తితే కోడిగుడ్డంత ఉబ్బు, పడుకుంటే మాయం. "నువ్వు పాడితేనే ఎక్కుతానక్కా, అదీ పెద్దాయన కోస్తేనే" అని నవ్వాడు.

తిరిగి వచ్చేసరికి, తను లేని రోజుల్లో కోసినవాళ్ళందరికీ గాయాలు పొడిగా, శుభ్రంగా మానుతున్నాయి. కోసింది సోమసుందరమే. "చూశారా, పొడుం మానగానే దారికొచ్చాడు" అని జ్ఞానయ్యతో గొప్పగా చెప్పుకుంది. మర్నాడు ఆవిడ మళ్ళీ పాడింది. ఆ రోగికి మళ్ళీ చీము పట్టింది.

ఎదుటివాడి కంట్లో నలుసు వెతికేవాళ్ళ సంగతి ప్రతి ఆదివారం చర్చిలో వినే మనిషే. విని ఏం లాభం?

ఆ వారమే సోమసుందరం విశాఖపట్నం నుంచి ఒక పెట్టె తెప్పించాడు. అందులో మూతలున్న గాజు పళ్ళాలు. వాటిలో గొర్రె రక్తం కలిపి పోసిన పాకం, జున్నులా గడ్డకట్టి ఎర్రగా ఉంది. గాలిలో, నోట్లో, చేతుల మీద ఉండే కంటికి కనపడని పురుగులు దీని మీద పడితే, వెచ్చగా ఉంచితే, చుక్కలై పెరిగి కనపడతాయని చెప్పాడు. ఎలీయాజరు గారు ముందు కూర్చుని ఒక పళ్ళెం మీద దగ్గారు. సోమసుందరం ఒకదాని మీద దగ్గాడు. జ్ఞానయ్య బైబిలు వచనం చదివాడు. సువార్తమ్మ వంతు వచ్చింది.

"మీరు పాడండి" అన్నాడు సోమసుందరం.

"పళ్ళేనికా?"

"రోజూ ఎలా పాడతారో అలాగేనండీ. గుడ్డ కిందికి లాక్కుని."

జున్నుముక్కకి పాట పాడడమేమిటని ఆవిడకి ఒళ్ళు మండింది. అయినా పాడింది. పళ్ళాలన్నీ వేడినీళ్ళ సీసాల మధ్య ఊక పెట్టెలో పెట్టారు.

మూతలు తీసిన రోజు ఎలీయాజరు గారు కళ్ళద్దాల మీద ఇంకో అద్దం పెట్టుకుని చూశారు. మిగతావాళ్ళ పళ్ళాల మీద అక్కడక్కడ ఏవో మచ్చలు. సువార్తమ్మ పళ్ళెం మీద మాత్రం ఆవగింజల్లా చుక్కలు, ప్రతి చుక్క చుట్టూ రక్తం కరిగిపోయి వెలవెలబోయిన గుండ్రం. సోమసుందరం ఇంకో పళ్ళెం తెచ్చి పక్కన పెట్టాడు. ఆవిడ ఈమధ్య పాడిన రోగి గాయంలోని చీముతో పెంచింది. అవే చుక్కలు. అవే గుండ్రాలు.

ఎలీయాజరు గారు మెల్లగా, "చలికాలంలో గొంతు నొప్పి వచ్చింది కదమ్మా నీకు. నొప్పి పోయింది, పురుగు పోలేదు" అన్నారు.

సువార్తమ్మ నిప్పులు కక్కింది. "ఇదంతా ఈ అబ్బాయి చేసిన మాయండీ! డబ్బీ సంగతి చెప్పానని పగబట్టాడు. ఏదో కలిపి పెట్టాడు!"

"అయితే మీరే చేసి చూడండి" అన్నాడు సోమసుందరం.

"చేస్తాను. మీరు ముట్టుకోకూడదు."

పెద్దాయన చేత కొత్త పళ్ళాలు తీయించింది. ఒకదాని మీద పాడింది. ఇంకోదాని ముందు మూతిగుడ్డ గట్టిగా కట్టుకుని అంతసేపూ నోరు మెదపకుండా కూర్చుంది. రెండింటినీ ఊక పెట్టెలో పెట్టి, తన ట్రంకుపెట్టె తాళం తెచ్చి దానికి వేసి, తాళంచెవి మొలకి కట్టుకుంది. వేడినీళ్ళ సీసాలు తనే మార్చింది. సోమసుందరం ఆ గది వైపు వస్తే గుమ్మంలో నిలబడి కళ్ళెర్రజేసింది. ఇంత కట్టుదిట్టం చేసి తెరిచేసరికి, ఆవిడ నోరు మూసుకుని ఎదట కూర్చున్న పళ్ళెం ఎర్రగా, నున్నగా ఉంది. పాడిన పళ్ళెం నిండా చుక్కలు.

అనుమానించడానికి ఇక ఎవరూ మిగల్లేదు. తాళం తనది, చెవి తనది, గొంతు తనది. ఆవిడ ఆ పళ్ళెం చేత్తో పట్టుకుని నేల మీద చతికిలబడిపోయింది. గంగరాజు నవ్వుతూ కళ్ళు మూసుకున్న ముఖం కళ్ళ ముందు నిలిచింది.

"తప్పు నాదమ్మా. పాడమన్నది నేను" అన్నారు ఎలీయాజరు గారు. ఆయన మంచి మాటే చెప్పారు. దానివల్ల ఆవిడకి ఒరిగిందేమీ లేదు. గొంతు శుభ్రపడేదాకా ఆపరేషను గదిలోకి రావద్దన్నారు. అక్కడ పాట మాత్రం ఇక ఎప్పటికీ వద్దన్నారు.

ఇంత జరిగిన కొద్ది రోజులకే వరదానాన్ని పడవలో వేసుకొచ్చారు. ఎరువు బస్తా ఎత్తుతుంటే పేగు జారి అక్కడే బిగుసుకుపోయింది. కక్కుతున్నాడు. పొట్ట డప్పులా బిగిసింది. ఎలీయాజరు గారు చెయ్యి వేసి చూసి, "వెంటనే కొయ్యాలి. నా కళ్ళు దీనికి చాలవు. సోమసుందరం చేస్తాడు" అన్నారు.

వరదానం మంచం పట్టె పట్టుకుని, "నేనెక్కను. చచ్చినా ఎక్కను. అక్కే చెప్పింది, ఆయన చేతిలో చావుందని!" అని కేకలు పెట్టాడు.

పక్కనే సోమసుందరం నిలబడి ఉన్నాడు. సువార్తమ్మ తల ఎత్తలేకపోయింది. మూతికి కొంగు అడ్డం పెట్టుకుని, మంచానికి ఎడంగా నిలబడి మాట్లాడింది.

"చెప్పానురా. నా నోరు పడిపోను, నేనే చెప్పాను. ఆయన చేతిలో ఏం లేదు. ఉన్నదంతా నా గొంతులో. నేను పాడిన చోటల్లా చీము పట్టింది."

"నీ ఉద్యోగం పోతుందని బెదిరించి నీ చేత అలా అనిపిస్తున్నారక్కా!"

"నా చేత అనిపించేవాడు పుట్టలేదు రా! తాళం వేసి మరీ చూసుకున్నాను."

వరదానం నమ్మలేదు. కానీ నొప్పిని మించిన వకీలు లేడు. కడుపులో ఇంకో మెలిక పడేసరికి అతను పళ్ళు బిగించి, "సరే, ఎక్కుతాను. కానీ నువ్వు పాడాలి. పాడకపోతే నాకు ధైర్యం చాలదు" అన్నాడు. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. చిన్నప్పుడు జ్వరం వచ్చినా అక్క పాట లేకుండా మందు మింగని వాడు.

"పాడను" అంది సువార్తమ్మ.

ఆవిడ బయట, మూసిన కిటికీ అద్దం అవతల నిలబడింది. మూతికి రెండు గుడ్డలు కట్టుకుంది. అంత అవసరం లేదని ఆవిడకీ తెలుసు. జ్ఞానయ్య చుక్కలు పోస్తుంటే వరదానం తల తిప్పి కిటికీ వంక చూస్తూ, పాడమన్నట్టు పెదవులు కదిపాడు. పాట గుండెల్లోంచి పైకి తన్నుకొచ్చింది. ఆవిడ గుడ్డల మీద చెయ్యి కూడా అదిమి పట్టుకుంది. తమ్ముడి కళ్ళలో కోపం, భయం రెండూ కనిపించాయి. అలాగే మూతపడ్డాయి. లోపల సోమసుందరం చేతులు తొందర లేకుండా కదలడం ఆవిడ మొదటిసారి మామూలు కళ్ళతో చూసింది. మంచి చేతులే.

గాయం పొడిగా మానింది. కుట్లు విప్పిన రోజున కూడా వరదానం అక్కతో సరిగా మాట్లాడలేదు. "శత్రువైనా ఆ టైంలో ఓ మాట పాడేవాడు" అన్నాడు. ఆకివీడులో జనం మాత్రం, ఆ కుర్ర డాక్టరు చెయ్యి పడినా బతికి బయటపడ్డాడంటే వరదానం ఆయుష్షు గట్టిదని చెప్పుకున్నారు. సువార్తమ్మ రేవుకి వెళ్ళి పడవవాళ్ళకి అసలు సంగతి చెప్పబోతే, వాళ్ళు మొహమొహాలు చూసుకుని, "ఉప్పు తిన్న చోటు కదండీ, అలాగే అంటారు లెండి" అన్నారు. చెడ్డమాటని కొల్లేరంతా తిప్పిన పడవలు మంచిమాటని రేవు దాటించలేదు.

అందుకని ఆవిడే పడవెక్కింది. ఎవరు నమ్మినా నమ్మకపోయినా ఒక్క మనిషికి చెప్పాలి.

లంకలో దిగకముందే పాట వినపడింది. తాటాకు పాక ముందు గుడ్డ ఉయ్యాలలో చంటిదాన్ని వేసి, గంగరాజు పెద్దకూతురు ఊపుతూ పాడుతోంది. "నావ కదిలినాది తండ్రీ, తెడ్డు నీ చేతిలోనే..." సువార్తమ్మ కాళ్ళు బురదలో దిగబడ్డట్టు అక్కడే ఆగిపోయింది.

ఎండుచేపలు తిరగేస్తున్న పెద్దింటమ్మ లేచి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. "రండి అమ్మగారండీ" అని చాప వేసింది. సువార్తమ్మ దూరంగా కూర్చుని, మూతికి అడ్డం పెట్టిన కొంగు తియ్యకుండా, మొదటి నుంచి చివరి దాకా అంతా చెప్పింది. దేనికీ సాకు చెప్పలేదు.

పెద్దింటమ్మ కళ్ళు చిన్నవి చేసి చూసింది. "ఆ కుర్ర డాక్టరు గారు పంపించారాండీ మిమ్మల్ని?"

"లేదమ్మా. నేనే వచ్చాను. ఆయనకి తెలియదు కూడా."

పెద్దింటమ్మ ఉయ్యాల వైపు తిరిగింది. తిట్టలేదు, ఏడవలేదు. తిడితే బాగుండునని సువార్తమ్మ ఎదురు చూసింది.

"జ్వరంలో ఉండి కూడా మా ఆయన ఆ పాట నాకు నేర్పారండీ" అంది. "పిల్లలకి పాడి వినిపించమన్నారు. నాన్న ఇచ్చిపోయింది అదొక్కటేనని చెప్పి, పెద్దదానికి నేనే నేర్పాను. అది పాడకపోతే చంటిది నిద్రపోదండీ. ఇప్పుడా పాటని నన్నేం చెయ్యమంటారండీ?"